మంట ఉంటేనే వచ్చే ఎర్రబండి

ఉద్యోగంలో నా చివరి పోస్టింగు మరైగూడ దారిలో కొత్తగా తెరిచిన అగ్నిమాపక ఔట్‌పోస్టుకు. మార్చి నెలలో చేరాను. ఇప్పపూలు రాలడం మొదలయ్యే రోజులవి. ఔట్‌పోస్టు అంటే పూర్తి స్థాయి ఫైర్ స్టేషన్ కాదు. ఒక రేకుల షెడ్డు, ఒక వాటర్ టెండర్, దాన్ని నడిపే కొద్దిమంది సిబ్బంది, వాళ్ల మీద స్టేషన్ ఆఫీసరు హోదాలో నేను. వాటర్ టెండర్ అంటే తన నీళ్లు తానే మోసుకుని తిరిగే ఎర్ర లారీ. అక్కడి జనం దాన్ని లాల్ గాడి అనేవారు.

ఇప్పపూల కాలానికీ మాకూ సంబంధం ఏమిటని పాఠకులకు అనుమానం రావచ్చు. రాలిన పువ్వు కనపడాలంటే చెట్టు కింద ఎండుటాకులు ఉండకూడదు. అందుకని ఏరేవాళ్లు ముందు రోజే ఆకులకు నిప్పు పెడతారు. గాలి తిరిగితే ఆ నిప్పు అడవిలోకో, ఎవరి పాకలోకో వెళ్తుంది. సుక్మా జిల్లా దక్షిణాన వేసవి మంటల్లో చాలావాటి పుట్టుక ఇదే. అందుకే ఆ సీజనుకు మమ్మల్ని అక్కడ కాపలా పెట్టారు.

మా నాన్న విజయనగరం నుంచి వచ్చి కిరందుల్ ఇనుప ఖనిజం గనిలో పని చేశారు. నేను కంపెనీ క్వార్టర్లలో పెరిగాను. బడిలో హిందీ, ఇంట్లో తెలుగు. నా తెలుగు విని మరైగూడ వైపువాళ్లు నవ్వేవారు, వాళ్ల తెలుగు నేను ఇంట్లో అనుకరిస్తే మా ఆవిడ నవ్వేది. మా డ్రైవర్ సమ్మయ్య ఆ ప్రాంతంవాడే. తెలుగు, హిందీ, గోండీ, దోర్లీ ఒకే వాక్యంలో పెట్టి మాట్లాడగలడు. అవసరమైనప్పుడు నాలుగింటిలోనూ మౌనంగా ఉండగలడు.

నేను చేరిన కొత్తలోనే పై ఆఫీసు నుంచి ఒక ప్రశ్న వచ్చింది. కొన్ని దేశాల్లో ఉన్నట్టు అంబులెన్సు సేవను కూడా అగ్నిమాపక శాఖకే అప్పగిస్తే ఎలా ఉంటుందో క్షేత్రస్థాయి అధికారులు అభిప్రాయం చెప్పాలన్నారు. నాకు ఒళ్లు మండింది. నిప్పు మా పని, నాడి డాక్టర్ల పని. మా కుర్రాళ్లు గొట్టం పట్టిన చేతులతో సెలైన్ సీసా పడితే ఏమవుతుందో ఊహించుకుని, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్న అర్థం వచ్చేలా, కాస్త మర్యాదైన భాషలో నాలుగు పేజీలు రాసి పంపాను. చాలా బాగా రాశానని ఇప్పటికీ అనుకుంటున్నాను.

దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ సునీత గారుండేవారు. వరంగల్ వైపు మనిషి. నేను రాసింది ఆమెకు చదివి వినిపించాను. "మీరు ఇంత కష్టపడి వద్దని రాయాల్సిన పని లేదండి. మీ వాళ్లు మనుషుల్ని ఎత్తే తీరు చూస్తే ఎవరూ ఇవ్వరు" అన్నారు. మేమిద్దరం ఒకే అభిప్రాయంతో ఉన్నామని సంతోషించాలో లేదో నాకు తెలియలేదు. అప్పట్లో ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి ఒకే అంబులెన్సు ఉండేది. దాని సిబ్బంది మంచివాళ్లే, కానీ తారు రోడ్డు దాటాక వాగుల ఇసుకలో ఆ బండి కదలలేదు. మా లారీ కదిలేది. ఈ సంగతి నా నాలుగు పేజీల్లో లేదు.

ఇక అసలు కథ సంతలో మొదలైంది.

కొత్తచోట ఔట్‌పోస్టు తెరిచినప్పుడు జనానికి డెమో ఇవ్వడం మా శాఖలో ఆనవాయితీ. సంతరోజు లారీని మరైగూడ బాట పక్కన నిలబెట్టి, గొట్టం విప్పి నీళ్లు చిమ్మించి, ఎలా పిలవాలో, మేమెలా వస్తామో మైకులో చెప్పాను. ప్రశ్నలుంటే అడగమన్నాను. మామూలుగా ఎవరూ అడగరు. ఆ రోజు చింతపండు గంప ముందు కూర్చున్న ఒకామె అడిగింది. ఆమె పేరు సోడి లచ్చమ్మ. వాగు అవతలి పల్లె. భర్త ముత్తయ్య తాటిచెట్లు గీస్తాడు.

"ఫోన్ చేస్తే వస్తరా సారూ, ఉట్టిగ?"

మంట ఉంటేనే వస్తాం, లేకపోతే అది ఫాల్స్ కాల్, తప్పు అని చెప్పాను.

"మంట శిన్నదైతే?"

చిన్నదీ పెద్దదీ అని చూడం, వస్తామన్నాను.

"ఆడ ఎవలకన్న పానం బాగలేకపోతే?"

ప్రమాద స్థలంలో ఆపదలో ఉన్న మనిషిని కాపాడటం మా మొదటి విధి, ఇల్లూ వాకిలీ తర్వాతే అని గట్టిగా చెప్పాను. రూల్సు పుస్తకంలో మొదటి పాఠం అదే. ఇంత శ్రద్ధగా వినే జనాన్ని నా సర్వీసులో చూడలేదని సమ్మయ్యతో అన్నాను. అతను "అవును సార్, బాగా ఇన్నరు" అన్నాడు.

వారం తిరక్కుండానే కాల్స్ మొదలయ్యాయి. మొదటిది ఒక కళ్లంలో. మేము సైరన్ వేసుకుని వెళ్లేసరికి నేల శుభ్రంగా ఊడ్చి, మధ్యలో బుట్టెడు ఆకులు పోగేసి అంటించారు. పక్కనే రెండు కుండల నిండా నీళ్లు. గాలివాటం కూడా చూసి పెట్టారు. అంత క్రమశిక్షణ గల మంటను శిక్షణా కేంద్రంలో కూడా చూడలేదు. ఒక్క బకెట్‌తో ఆరిపోయింది. ఆరిన వెంటనే మంచం మీద వాంతులతో సొమ్మసిల్లిన ఒక ముసలాయన్ని తెచ్చి మా ముందు పెట్టారు. ప్రమాద స్థలంలో ఆపదలో ఉన్న మనిషి. రూలు ప్రకారం కాదనలేను. ఎక్కించుకుని సునీత గారికి అప్పగించాం.

రెండో కాల్‌కి ఇంకో పల్లె, ఇంకో బుట్టెడు ఆకులు, పాము కరిచిన ఒక ఆడమనిషి. మూడోసారి జ్వరం. అప్పటికి నాకు అర్థమైంది. సమ్మయ్య మొహం చూశాను. అతను అద్దంలో వెనక దారి చూసుకుంటున్నాడు, బండి మాత్రం ముందుకే వెళ్తోంది. వీళ్లకు ఇది ఎవరు నేర్పారని గద్దించాను.

"మీరే కద సార్, మైకుల" అన్నాడు.

నాకు కోపం రావాలి. రాసే వాళ్లు ఇలాంటి చోట సిగ్గుపడ్డామని రాస్తారు. నాకు రెండూ రాలేదు, నవ్వొచ్చింది. ఆ జనం అబద్ధం చెప్పరు. మంట లేకుండా మంట ఉందని ఫోన్ చేయడం తప్పని సర్కారు చెప్పింది కాబట్టి, బుద్ధిగా మంట పెట్టి ఆ తర్వాతే గుట్టెక్కి, సిగ్నల్ వెతుక్కుని ఫోన్ చేస్తున్నారు.

మా శాఖలో ఫాల్స్ కాల్స్‌కు రెండు రకాలు. పొగ చూసి భయపడి పొరపాటున పిలిస్తే సదుద్దేశపు కాల్. ఆటపట్టించడానికి పిలిస్తే దురుద్దేశపు కాల్. వీటిలో ఇది ఏదీ కాదు. ఫాల్స్ అనడానికి వీల్లేదు, ఎదురుగా మంట ఉంది. నేను అన్నిటినీ ఫైర్ కాల్స్‌గానే పైకి పంపించాను. అలా పంపడం వల్ల మా ఔట్‌పోస్టు, ఆ సీజనుకు, మంటల్లో డివిజన్ అంతటికీ మొదటి స్థానంలోకి వచ్చింది.

మొదటి స్థానం ఊరికే ఉండనివ్వదు. డివిజనల్ ఆఫీసర్ దూబే గారు తనిఖీకి వచ్చారు. హోదాలో నాకంటే రెండు మెట్లు పైన. బూట్లలో మొహం చూసుకోవచ్చు. మంచివారే, కానీ రూలు ఎక్కడైనా ఒక పక్కకు వాలినట్టు కనపడితే ఆయనకు నిద్ర పట్టదు. ఇన్ని మంటలు ఎవరు పెడుతున్నారు, ఒక్క కేసూ ఎందుకు పెట్టలేదు అని హిందీలో నిలదీశారు. నిప్పు పెట్టిన వాళ్లు దొరికితే పోలీసులకు అప్పగిస్తానని, కాల్స్ ఇలాగే వస్తే ఈ ఔట్‌పోస్టు మూసి బండిని జిల్లా కేంద్రానికి తీసుకుపోతానని చెప్పారు. ఆ మాట పూర్తయ్యేసరికి ఫోన్ మోగింది.

వాగు అవతల మంట. పిలిచింది లచ్చమ్మ కొడుకు. దూబే గారు తానూ వస్తానన్నారు. వాగు దాకా జీపులో వచ్చారు. జీపు ఇసుకలో దిగబడబోతే దిగి, మా లారీ ఎక్కి, నాకూ సమ్మయ్యకూ మధ్య కూర్చున్నారు. ఆ దారంతా నేను ఒక్కటే కోరుకున్నాను. ఈ ఒక్కసారి నిజంగానే ఎవరి పాకో అంటుకుని ఉంటే బాగుండునని. అగ్నిమాపక అధికారి కోరుకోవలసిన కోరిక కాదు అది.

పాకలన్నీ క్షేమంగా ఉన్నాయి. లచ్చమ్మ వాకిట్లో ఊడ్చిన నేల, బుట్టెడు ఆకులు, సన్నని పొగ, రెండు కుండలు. పది అడుగుల అవతల తాటిచెట్టు మొదట్లో ముత్తయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. చెట్టు మీంచి జారాడట. స్పృహలోనే ఉన్నాడు, మాట్లాడుతున్నాడు, కానీ నడుము కింద తిమ్మిరిగా ఉందంటున్నాడు. ఎత్తు నుంచి పడ్డవాళ్ల విషయంలో మాకు శిక్షణ ఉంది. వెన్నెముక దెబ్బ తింటే మనిషిని కావడిలో గాని, ట్రాక్టరులో గాని వేసి తీసుకెళ్తే ఉన్న కాళ్లు కూడా పోతాయి. ఒక్క కుదుపు చాలు. అంబులెన్సుకు అప్పటికే చెప్పారు, అది తారు రోడ్డు చివరిదాకా రాగలదు, అక్కడి నుంచి ఇక్కడికి రాలేదు.

దూబే గారి చూపు మాత్రం ఆకుల పోగు మీదే ఉంది. ఈ మంట ఎవరు పెట్టారని అడిగారు.

"నేనే పెట్టిన" అంది లచ్చమ్మ. "మంట లేకుండ పిలిస్తె తప్పంట కద సారూ. అందుకే పెట్టిన. మీది మీరు ఆర్పుకోండ్రి, నా మనిషిని మాత్రం తీస్కపోండ్రి."

సమ్మయ్య దీన్ని హిందీలోకి తిప్పాడు. ఒక్క ముక్క కూడా మెత్తబరచలేదు. దూబే గారికి ఒళ్లు తెలియని కోపం వచ్చింది. ఇది నేరం, ఈమె ఇక్కడి నుంచి కదలకూడదు, ఇది ఫైర్ ఇంజను గాని పేషెంట్లను మోసే బండి కాదు, అంబులెన్సువాళ్లు చూసుకుంటారు, ముందు మంట సంగతి తేల్చండి అన్నారు.

నాకు నిజంగా భయం వేసింది. రిటైర్మెంటు దగ్గర్లో ఉన్నవాడికి పై అధికారి కోపం మామూలు విషయం కాదు. కానీ ముత్తయ్య తన కాలి బొటనవేలు వైపే చూసుకుంటున్నాడు. అది కదులుతోందో లేదో చూసుకుంటున్నాడు. ఆ చూపు చూశాక నాకు రూల్సు పుస్తకంలోని ఇంకో పేజీ గుర్తొచ్చింది.

ప్రమాద స్థలంలో ఉన్నవారిలో ఎవరి హోదా ఎక్కువైతే కమాండ్ వారిది. కింది అధికారి వెళ్లి ఏం కాలుతోంది, ఇప్పటిదాకా ఏం చేశాం, ఇంకేం కావాలి అన్న మూడు విషయాలు చెప్పి మంటను అప్పగించాలి. అప్పగించాక కింది అధికారి చేతికి వచ్చే పని రెస్క్యూ, అంటే మనుషుల్ని బయటపడేయడం. మంట పూర్తిగా చల్లబడి, నిప్పురవ్వ కూడా లేదని తేలేదాకా, దాన్నే మేము డ్యాంపింగ్ డౌన్ అంటాం, కమాండ్‌లో ఉన్న అధికారి చోటు వదలకూడదు.

నేను అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ చేశాను. ఒక బుట్టెడు ఎండుటాకులు కాలుతున్నాయని, ఇంకా నీళ్లు కొట్టలేదని, రెండు కుండలు సిద్ధంగా ఉన్నాయని చెప్పి, కమాండ్ అప్పగిస్తున్నాను సార్ అన్నాను. శిక్షణ అలవాటు చాలా గట్టిది. ఆయన చేయి దానంతటదే లేచి సెల్యూట్ తీసుకుంది. తీసుకున్నాక గాని ఏం తీసుకున్నారో ఆయనకు తట్టలేదు.

ఆ తర్వాత మేము ఆగలేదు. స్ట్రెచర్ లేదు. తలుపులు ఊడదీయడంలో మాత్రం మా శాఖను మించినవాళ్లు లేరు. లచ్చమ్మ ఇంటి తలుపు ఊడదీసి, దుప్పటి పరిచి, నలుగురం ఒకే మాట మీద ముత్తయ్యను వంగకుండా దొర్లించి దాని మీదికి చేర్చాం. తలకు రెండు పక్కలా మా కోట్లు చుట్టి పెట్టి తాడుతో బిగించాం. సిబ్బంది కూర్చునే వెనక క్యాబిన్‌లో బల్ల మీద తలుపు సరిగ్గా సరిపోయింది. కొడుకు తోడెక్కాడు. లచ్చమ్మ ఎక్కబోయి ఆగింది, ఆమెను కదలొద్దన్నారు కదా. బండి తిరిగేటప్పుడు ఆమె మొహం చూడటం నాకు కష్టమైంది.

సమ్మయ్య ఆ రోజు లారీ నడిపినట్టు లేదు, నిండు పాలదుత్త మోసినట్టుంది. వాగు ఇసుకలో బండి పడవలా జారింది. తారు రోడ్డు మొదట్లో అంబులెన్సు ఎదురుచూస్తోంది. సునీత గారు కూడా అందులో వచ్చారు. ముత్తయ్యను పరీక్షించి, తలుపుతో సహా అంబులెన్సులోకి మార్పించి, "ఈసారి బాగా ఎత్తారు" అన్నారు. ఆమె నోట అంతకు మించిన ప్రశంస నేను వినలేదు.

తిరిగి పల్లెకు చేరేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో పొగ ఇంకా లేస్తోంది. మాకు ఆశ్చర్యం వేసింది. ఒక కుండతో ఆరే మంట అది. దిగి చూస్తే డివిజనల్ ఆఫీసర్ దూబే గారు బూట్లు విప్పి ఒక పక్కన పెట్టి, గొంతుక్కూర్చుని, రెండు చేతులతో ఎండుటాకులు తెచ్చి మంటలో వేస్తున్నారు. పక్కన జొన్నంబలి తాగిన డొప్ప ఉంది. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డారు. చేతిలో ఆకులు మాత్రం వదల్లేదు.

తర్వాత తెలిసింది. మేము వెళ్లగానే ఆయన కుండ ఎత్తి మంట ఆర్పబోయారట. లచ్చమ్మ అడ్డుపడిందట. "మంట ఆరితె లాల్ గాడి రాదు సారూ. మరి మిమ్ముల ఎట్ల తీస్కపోతది?" అందట. ఆయన మొదట నవ్వి కొట్టిపారేశారు. ఫోన్‌కు సిగ్నల్ లేదు. జీపు వాగు అవతల ఉంది. ఎండ నెత్తిన కాసి, తర్వాత వాలడం మొదలుపెట్టింది. ఆకులు అయిపోవచ్చాయి. లచ్చమ్మ ఇంకో గంప ఆకులు తెచ్చి పెట్టి, తాను చింతచెట్టు నీడన తలపట్టుకుని కూర్చుందట. అప్పటి నుంచి వేస్తున్నది ఆయనే.

లచ్చమ్మ నా దగ్గరికి రాలేదు. నేరుగా సమ్మయ్య దగ్గరికి వెళ్లి, "కాళ్లు?" అంది. అంతే.

"ఏలు కదిలింది పిన్నీ. నేనే జూసిన" అన్నాడు సమ్మయ్య. ఆమె అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. మా వాళ్లంతా అటు తిరిగి గొట్టాలు సర్దారు, విప్పనే లేదు గాని.

దూబే గారు వాగు దాకా మా లారీలోనే వచ్చారు. జీపు ఎక్కుతూ, ఈ రోజు కాల్‌ను ఏమని పంపుతారని అడిగారు. కమాండ్ తమరిది కాబట్టి తమరే నిర్ణయించాలి సార్ అన్నాను. ఆయన రెస్క్యూ కాల్ అని రాయమన్నారు. లచ్చమ్మ మీద కేసు మాట మళ్లీ ఎత్తలేదు. ఔట్‌పోస్టు మాట కూడా.

వానాకాలంలో ఉత్తర్వు వచ్చింది. అంబులెన్సులు వైద్య శాఖ దగ్గరే ఉంటాయి. నా నాలుగు పేజీలు గెలిచాయన్న మాట. కానీ రోడ్డు లేని చోట్ల, మంట ఉన్నా లేకపోయినా, ఔట్‌పోస్టు బండి వెళ్లి మనిషిని అంబులెన్సు దాకా చేర్చవచ్చు. స్ట్రెచరు, కట్టు సామాను బండిలో ఉండాలి, సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి. శిక్షణ సునీత గారే ఇచ్చారు. మమ్మల్ని బడిపిల్లల్లా తిట్టారు. నా నాలుగు పేజీలు ఓడాయన్న మాట కూడా నిజమే. దీనికి కారణమైన సిఫారసు ఎవరిదో ఉత్తర్వులో లేదు. అడగాల్సిన అవసరం నాకు రాలేదు.

తర్వాతి వేసవి, మళ్లీ ఇప్పపూలప్పుడు, ఔట్‌పోస్టుకు ఫోన్ వచ్చింది. లచ్చమ్మ. వాళ్ల పక్కింటామెకు నొప్పులు వస్తున్నాయట. "మంట పెట్టాల్నా సారూ, వద్దా?" అని అడిగింది. ఇక అక్కర్లేదు, కొత్త ఉత్తర్వు సంగతి మళ్లీ సంతలో చెప్పాం కదా, ఇప్పుడే బయలుదేరుతున్నాం అన్నాను. సరే అంది.

మేము వెళ్లేసరికి గర్భిణి గడపలో సిద్ధంగా కూర్చుని ఉంది. ముత్తయ్య చేతికర్ర ఊతంతో నడుస్తూ వచ్చి స్ట్రెచరు వెళ్లడానికి అడ్డంగా ఉన్న మంచం జరిపాడు. వాకిట్లో నేల శుభ్రంగా ఊడ్చి ఉంది. ఆకుల పోగు తయారుగా ఉంది, రెండు కుండల నీళ్లు పక్కనే ఉన్నాయి. లచ్చమ్మ చేతిలో అగ్గిపెట్టె ఉంది, పుల్ల తీసి పట్టుకుని ఉంది. బండి నిజంగానే వచ్చిందని చూసి, పుల్లను తిరిగి పెట్టెలో పెట్టింది.

ఫైర్ సర్వీసు అంబులెన్సు నడపాలా వద్దా అని ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను అడుగుతుంటారు. బండి ఏ శాఖదన్నది ఆఫీసులు తేల్చుకోవలసిన విషయం. నేను నేర్చుకున్నది అంతకంటే చిన్నది. ఒక సేవ జనానికి అందిందని ఉత్తర్వు వచ్చిన రోజున రాసుకోకూడదు, ఆ పుల్ల పెట్టెలోకి వెళ్లిన రోజున రాసుకోవాలి.